హషిమోటోకు ఏది మేలు: అయోడిన్ చుక్కలా, వంటింటి ఉప్పా, పరగడుపు మాత్రా?

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు మా వదిన వంటింటి అలమరలో రెండు కొత్త సీసాలు కనిపించాయి. ఒకటి సముద్రపు నాచు మాత్రలు, ఇంకొకటి లూగోల్ అయోడిన్ ద్రావణం. "అయోడిన్ తక్కువైతేనే కదమ్మా థైరాయిడ్ వచ్చేది! అదే వేసుకుంటే తగ్గదా?" అంది.

ఒకప్పుడు మన దేశంలో చాలాచోట్ల అది నిజమే. హిమాలయాల దిగువన కాంగ్రా లోయలో మెడ కింద గడ్డలతో బాధపడే వారికి అయోడిన్ కలిపిన ఉప్పు ఎంత మేలు చేస్తుందో 1956లో మొదలైన పరిశోధన తేల్చింది. ఆ పరిశోధనను నడిపించింది మన శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వి. రామలింగస్వామి. ఆ ఉప్పే ఇప్పుడు మన ఇళ్లలో ఉంది.

వదినది వేరే జబ్బు, పేరు హషిమోటో. హషిమోటోలో శరీరపు రక్షణ వ్యవస్థే థైరాయిడ్ గ్రంథి మీద దాడి చేస్తుంది. ఆమె రక్తపరీక్ష రిపోర్టులో యాంటీ టీపీఓ, అంటే ఆ దాడిని చూపించే యాంటీబాడీలు, అంత ఎక్కువగా ఉన్నది అందుకే. కొలిమి దెబ్బతిన్నప్పుడు బొగ్గు ఎంత పోస్తే ఏం లాభం?

లాభం లేకపోవడమే కాదు, నష్టమూ ఉంది. పెద్దవారికి రోజుకు కావలసిన అయోడిన్ 150 మైక్రోగ్రాములు. అయిదు శాతం లూగోల్ ద్రావణం ఒక్క చుక్కలో ఆరువేల మైక్రోగ్రాములకు పైనే ఉంటుంది, అంటే నలభై రోజుల అయోడిన్ ఒక్క గుటకలో! అయోడిన్ ఒక్కసారిగా పెరిగితే గ్రంథి హార్మోన్ తయారీని ఆపేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న గ్రంథి కొద్ది రోజుల్లో తేరుకుంటుంది, హషిమోటో గ్రంథి చాలాసార్లు తేరుకోలేదు. గ్రంథి మరీ చురుకుగా పనిచేసే గ్రేవ్స్ జబ్బులో ఆపరేషన్‌కు ముందు కొన్ని రోజులు ఈ చుక్కలే ఇస్తారు, గ్రంథిని నెమ్మదింపజేయడానికి. అసలే నీరసించినదానికి అదే మందు ఎలా వేస్తాం? ఈ మాట చెప్పాకే వదిన సీసా పక్కన పెట్టింది.

నాచు మాత్రలను ఇంకా తక్కువ నమ్ముతాను. ఆ సీసా తిప్పి చూస్తే నాచు ఎన్ని మిల్లీగ్రాములో ఉంది, అయోడిన్ ఎంతో లేదు. నాచు రకాన్ని బట్టి అది ఎన్నో రెట్లు మారుతుంది.

అలాగని అయోడిన్ అంటేనే భయపడి సైంధవ లవణానికి మారిపోవడమూ తప్పే. అందులో అయోడిన్ దాదాపు ఉండదు. అయోడిన్ కలిపిన ఉప్పు వినియోగదారుడికి చేరేసరికి కిలోకు కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలన్నది మన దేశపు నియమం. అంటే ఒక టీస్పూనులో 75 మైక్రోగ్రాములు, మిగతాది పాలు, పెరుగు, గుడ్లు, చేపల నుంచి చాలావరకు సమకూరుతుంది. డబ్బా మూత బిగించి ఉంచి, కూర దించే ముందు ఉప్పు వేస్తే చాలు. గర్భిణులకు మాత్రం అవసరం పెరుగుతుంది, వారికి ఎంతన్నది డాక్టరే చెప్పాలి.

ఇక ఈ మూడింటిలో తగ్గిపోయిన హార్మోన్‌ను నేరుగా పూరించేది పరగడుపున వేసుకునే థైరాక్సిన్ మాత్ర ఒక్కటే. నా ఓటు దానికే, పక్కన మామూలు ఉప్పుతో. అది దాడిని ఆపదు, కానీ గ్రంథి చేయలేని పని తాను చేసిపెడుతుంది. ఫలితం మనం మింగే తీరును బట్టి ఉంటుంది. వదిన మాత్ర మీదే కాఫీ తాగేది, టిఫినుతో కాల్షియం, ఐరన్ మాత్రలు వేసుకునేది. అవి మందును ఒంటికి పట్టనివ్వవు. థైరాయిడ్ హార్మోన్ తక్కువైతే రక్తంలో పెరిగే టీఎస్‌హెచ్ దిగకపోవడానికి ఇదే కారణం కావచ్చని డాక్టరు అన్నారట.

ఇప్పుడు మాత్ర, మంచినీళ్ల గ్లాసు మంచం పక్కనే ఉంటున్నాయి. లేవగానే వేసుకుంటుంది, గంట తర్వాతే కాఫీ. కాల్షియం రాత్రి భోజనానికి మారింది. ఎనిమిది వారాలకు మళ్లీ రక్తపరీక్ష రాశారు.