తొమ్మిదేళ్లుగా మా వాకిట్లో జెనిస్టా లిడియా

ఇంగ్లండ్‌లో మా ఇంటి ముందు కాస్త ఏటవాలు జాగా ఉంది. ఇసుక నేల, పొద్దంతా ఎండ. గడ్డి కూడా సరిగా బతకని ఆ చోట తొమ్మిదేళ్ల కిందట రెండు జెనిస్టా లిడియా మొక్కలు పెట్టాను. ఇక్కడ దీన్ని లిడియన్ బ్రూమ్ అంటారు. మా అత్తయ్య వచ్చినప్పుడు ఆ పేరు విని, "ఎక్కడైనా వాకిట్లో చీపురు నాటుకుంటారటే అమ్మాయ్!" అని ఒకటే నవ్వు.

ఎత్తు రెండడుగులు దాటలేదు కానీ పక్కలకు మూడడుగులకు పైనే పాకింది. మే నెలాఖరుకి కొమ్మ కనపడకుండా పసుపు రాశి పోసినట్టు పూస్తుంది. దగ్గరికెళ్లి చూస్తే అచ్చం మన జనుము పువ్వే, బుల్లి సైజులో. రెండూ చిక్కుడు కుటుంబానివే మరి. ఆ మూడు వారాలు దారినపోయేవాళ్లు ఆగి చూస్తారు. మిగతా ఏడాదంతా పచ్చటి తీగ చుట్టల్లా ఉంటుంది, అంతే. ఏడాది పొడవునా అందం కావాలంటే ఇది వద్దు.

నీళ్లు మొదటి ఏడాదే పోశాను. ఎరువు అసలు వేయలేదు. వేళ్ల బుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. 2022 జులైలో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటి పక్కింటివాళ్ల లాన్ మాడిపోయింది. దీనికి ఏమీ కాలేదు.

చెడగొట్టుకున్నది మేమే. నాలుగో ఏడు మావారు షేప్ చేస్తానని ముదురు కర్రదాకా కత్తిరించేశారు. ఆ వైపు మళ్లీ చిగురు రాలేదు, ఇప్పటికీ బోడే. పూత అయ్యాక లేత పచ్చ కొమ్మలు మాత్రమే కొయ్యాలి. పెరట్లో బంకమట్టిలో ఇంకోటి పెడితే చలికాలం నీళ్లు నిలిచి వేరు కుళ్లింది. గింజలు విషం, పసిపిల్లలున్న ఇంట్లో జాగ్రత్త.

దీని సొంతూరు బాల్కన్ దేశాలు, పడమటి టర్కీ. నేనక్కడికి వెళ్లలేదు. ఇంగ్లండ్ నైరుతి కొసనున్న కార్న్‌వాల్‌లో లిజార్డ్ తీరాన దీని చుట్టం జెనిస్టా పిలోసాని చూశాను. సముద్రపు గాలికి జానెడైనా లేవకుండా బండను కరుచుకుని పూసింది. మట్టి ఉందో లేదో కూడా తెలియలేదు!

మా మొక్కలకు ఇప్పుడు నడుమ కర్ర తేలింది. మహా అయితే ఇంకో ఏడాది. మళ్లీ ఇదే కొంటాను, కత్తెర మాత్రం మావారికి దొరకనివ్వను.