లాక్రాస్ క్యాంపుల వేసవి: ఎక్కడికి వెళ్లవచ్చు, ఏది మానుకోవచ్చు

లాక్రాస్ ఆడే హైస్కూలు పిల్లలున్న ఇంటికి చలికాలం ముగియకముందే ఈమెయిళ్లు మొదలవుతాయి. "మీ ఆట మా దృష్టికి వచ్చింది, మా ప్రాస్పెక్ట్ క్యాంపుకు (జట్టులోకి రాదగ్గ పిల్లల కోసమని కాలేజీ నడిపే క్యాంపు) మిమ్మల్ని ఆహ్వానిస్తున్నాం" అని కాలేజీ ముద్రతో, కోచ్ సంతకంతో వస్తాయి. చదివిన తల్లిదండ్రులకు కాళ్లు నేల మీద నిలవవు. అమెరికాలో కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ నియమం సంగతి ఆ తర్వాత తెలుస్తుంది. కాలేజీ నడిపే క్యాంపు అందరికీ తెరిచి ఉండాలి. వయసు, తరగతి, ఆడా మగా, మొత్తం ఎంతమంది అన్న లెక్కలు తప్ప ఇంకే కారణంతోనూ ఎవరినీ ఆపకూడదు. అంటే ఆ ఆహ్వానం జాబితాలో ఈమెయిల్ ఉన్న ప్రతి పిల్లకూ వెళ్తుంది. మా అమ్మాయి జట్టులో సీజనంతా బెంచీ మీదే గడిపిన పిల్లకు కూడా అక్షరం మారకుండా అదే ఉత్తరం వచ్చింది.

మేముండేది మేరీల్యాండ్‌లోని హోవర్డ్ కౌంటీలో. ఇక్కడ తెలుగువాళ్లూ ఎక్కువే, లాక్రాస్ పిచ్చీ ఎక్కువే. ఆ రెండూ ఒకే ఇంట్లో కలవడం మాత్రం అరుదు. విజయవాడలో ఉన్న మా అత్తగారికి ఇది వల కట్టిన కర్రతో బంతిని పట్టి విసిరే ఆట అని ఎన్నిసార్లు చెప్పినా గుర్తుండేది కాదు. 2023 అక్టోబరులో ముంబయిలో జరిగిన అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సమావేశంలో 2028 లాస్ ఏంజెలిస్ క్రీడలకు క్రికెట్‌నూ లాక్రాస్‌నూ కలిపి ఆమోదించారు. అప్పటి నుంచి ఆవిడ దృష్టిలో ఇది క్రికెట్ పక్కన కూర్చున్న మర్యాదస్తుల ఆట అయిపోయింది.

మా అమ్మాయి మిడ్‌ఫీల్డర్. హైస్కూలు పూర్తి చేసేది 2027లో. మైదానం గట్టున ఎవరూ పిల్ల పేరు అడగరు, "మీ అమ్మాయి ఏ సంవత్సరం?" అని అడుగుతారు. 2027 అనగానే అందరికీ లెక్క తెలిసిపోతుంది. 2025 సెప్టెంబరు 1న ఆమె తలుపు తెరుచుకుంది. 2017లో వచ్చిన నియమం ప్రకారం డివిజన్ 1 (కాలేజీ ఆటలో అన్నిటికన్నా పై మెట్టు) కోచ్‌లు పదకొండో తరగతి సెప్టెంబరు 1కి ముందు పిల్లలతో నియామకం ఊసు, అంటే జట్టులోకి తీసుకునే మాట, ఎత్తకూడదు. అంతకుముందు ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి పిల్లలే ఫలానా కాలేజీకి మాట ఇచ్చేసేవారు. ఇప్పుడు తొందర తగ్గింది కానీ, పదో తరగతి ముగిసిన వేసవి మీద బరువంతా పడింది. 2025లో మేము తిరిగింది ఆ వేసవే.

మొదట డెలావేర్. ఫ్రెడరికా అనే చిన్న ఊరి దగ్గర రూట్ 1 పక్కనే డీఈ టర్ఫ్ ఉంది. పన్నెండు కృత్రిమ గడ్డి మైదానాలు వరుసగా ఉంటాయి. ఒక ప్రైవేటు సంస్థ అక్కడ వారాంతపు షోకేస్, అంటే కాలేజీ కోచ్‌ల ముందు పిల్లలు ఆడి చూపే పోటీలు, పెట్టింది. మా వైపు నుంచి వెళ్లాలంటే అన్నాపోలిస్ దగ్గర బే బ్రిడ్జి దాటాలి. టోల్ తూర్పుకు వెళ్లేటప్పుడే కట్టాలి, తిరుగు ప్రయాణంలో ఉండదు. శుక్రవారం మధ్యాహ్నం రెండు దాటాక బయల్దేరితే మాత్రం సముద్రతీరానికి వెళ్లే కార్లన్నీ మీ ముందే ఉంటాయి. పొద్దున్నే వెళ్లండి, లేదా రాత్రి తొమ్మిది తర్వాత వెళ్లండి. మధ్యలో బయల్దేరి నన్ను తలచుకోవద్దు.

హోటళ్లు ఎక్కువగా ఉత్తరాన డోవర్‌లో ఉంటాయి. ఇక్కడే నాకు మొదటి చిరాకు. ఈ షోకేస్‌లో ఆడాలంటే నిర్వాహకులు చెప్పిన హోటళ్లలోనే, వాళ్ల లింకు ద్వారానే గది తీసుకోవాలి. అదే హోటలుకు మామూలు దారిలో చూస్తే అదే రాత్రికి ధర తక్కువగా కనిపించింది. పోనీ అని సరిపెట్టుకుంటే గదిలో ఫ్రిజ్ పనిచేయలేదు. పెరుగన్నం, నిమ్మకాయ పులిహోర తెచ్చుకున్నవాళ్లకు అది చిన్న విషయం కాదు. మంచు నింపిన ఐస్ పెట్టె మీదే నెట్టుకొచ్చాం. నమోదు చేసుకునే ముందే ఈ హోటల్ షరతు ఉందో లేదో చూడండి. నిబంధనల పేజీలో అట్టడుగున ఉంటుంది.

ఇక అసలు షోకేస్. ఎండలో కృత్రిమ గడ్డి మామూలు పచ్చికకన్నా చాలా ఎక్కువ వేడెక్కుతుంది. బూట్లలో నల్ల రబ్బరు గుళికలు చేరతాయి, అవి కారులోకీ, హోటల్ పక్క మీదికీ కూడా వస్తాయి. కోచ్‌లు గోల్ వెనక గుడారం కింద మడత కుర్చీలు వేసుకుని వరసగా కూర్చుంటారు. చొక్కా మీద కాలేజీ గుర్తు ఉంటుంది, ఒళ్లో జెర్సీ నంబర్ల జాబితా ఉంటుంది. నాకు దగ్గరలో కూర్చున్న ఒక కోచ్‌నే చాలాసేపు గమనించాను. ఆవిడ వచ్చే ముందే జాబితాలో మూడు నంబర్లకు పసుపు రంగు పూసుకుంది. ఆ ముగ్గురు మైదానంలో ఉన్నంతసేపు తల ఎత్తి చూసింది, వాళ్లు బయటికి రాగానే ఫోను చూసుకుంది. మా అమ్మాయి ఆ పూట ఆమె కళ్ల ముందే రెండు గోల్స్ చేసింది. రెండోదానికి ఆవిడ తల ఎత్తింది, పెన్ను మాత్రం ఎత్తలేదు.

నాకు అక్కడ అర్థమైంది ఇదే: కోచ్‌లు షోకేస్‌కు కొత్తవాళ్లను వెతకడానికి రారు, ఇదివరకే తెలిసినవాళ్లను సరిచూసుకోవడానికి వస్తారు. కరపత్రంలో కాలేజీల గుర్తులు బారులు తీరి ఉంటాయి, అన్ని మైదానాల్లో అన్ని ఆటలకూ అందరూ ఉండరు. ఇలాంటివాటికి నాలుగు నుంచి ఆరు వందల డాలర్ల దాకా అడుగుతున్నారు. వెళ్లకూడదని కాదు. వెళ్లే రెండు వారాల ముందే పిల్ల తన చేతులతో కోచ్‌లకు రాయాలి. తన నంబరు, ఏ మైదానంలో ఎన్ని గంటలకు ఆడుతుంది, మార్కుల వివరం, రెండు మూడు నిమిషాల వీడియో పంపాలి. ఆ పని చేయకపోతే ఎండ తప్ప ఏమీ దక్కదు. ఆ పని అమ్మానాన్నలు చేసిపెట్టినా కోచ్‌లు ఇట్టే పసిగడతారు.

ఆటకూ ఆటకూ మధ్య ఖాళీ దొరికితే డోవర్ వైమానిక స్థావరం అంచునున్న ఎయిర్ మొబిలిటీ కమాండ్ మ్యూజియానికి వెళ్లండి. ప్రవేశం ఉచితం. సీ-5 గెలాక్సీ రవాణా విమానం కింద నిలబడి చూడవచ్చు. ఆ వారాంతంలో మాకు నూటికి నూరుపాళ్లు గిట్టుబాటైనది అదొక్కటే అని మావారు ఇప్పటికీ అంటారు.

తర్వాత ఒక పెద్ద విశ్వవిద్యాలయంలో ఒక్కరోజు ప్రాస్పెక్ట్ క్యాంపు. డివిజన్ 1, పేరున్న జట్టు. ఫీజు రెండు వందల డాలర్ల లోపే. ప్రధాన కోచ్ స్వయంగా దగ్గరుండి నేర్పింది, ఆట మొదలుపెట్టే డ్రా దగ్గర మణికట్టు ఎలా తిప్పాలో మా అమ్మాయికి ఒక మాట చెప్పింది. ఆట నేర్చుకోవడానికి అంత మంచి రోజు మరొకటి లేదు. నియామకం కోణంలో చూస్తే మాత్రం లెక్క వేరు. పక్కన నిలబడ్డ తెలుగాయన ఒకరు, ఆయన కూతురు గోలీ (గోల్ కాపలాదారు), నన్ను అడిగారు: "ఏమండీ, ఇక్కడ బాగా ఆడితే తీసుకుంటారంటారా?" మనకు ఎంసెట్ అలవాటు. ర్యాంకు వస్తే సీటు వస్తుందనుకుంటాం. ఇక్కడ ర్యాంకూ లేదు, కౌన్సెలింగూ లేదు. జట్టుకు ఆ ఏడాది ఏ స్థానంలో ఖాళీ ఉందన్నదే లెక్క.

ఆ లెక్క ఇలా ఉంటుంది. కాలేజీలు ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇచ్చేందుకు దారి తెరుస్తూ 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ ఒప్పందం తర్వాత, అందులో చేరిన కాలేజీల్లో మహిళల లాక్రాస్ జట్టుకు 38 మంది పరిమితి. నాలుగు తరగతులకు పంచితే ఏడాదికి తొమ్మిది, పదిమంది. అందులో గోలీ ఒకరుంటే ఎక్కువ. మిగతా చోట్లకు దేశమంతా పోటీ. పైగా ఇతర కాలేజీల నుంచి బదిలీపై వచ్చే, రెండు మూడేళ్లు ఆడిన అనుభవజ్ఞులు కూడా పోటీలో ఉంటారు. ఎన్‌సీఏఏ అంచనాల ప్రకారం హైస్కూల్లో లాక్రాస్ ఆడే అమ్మాయిల్లో కాలేజీలో ఏదో ఒక డివిజన్‌లో ఆడేది ఇంచుమించు ఎనిమిదిమందిలో ఒకరు. డివిజన్ 1 దాకా వెళ్లేది నూటికి నలుగురు. ఆ తెలుగాయనకు ఇదంతా చెప్పలేదు. "గోలీలకు అవకాశం కొంచెం వేరండీ, కోచ్‌నే అడిగించండి" అన్నాను.

డబ్బు సంగతీ చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో "లాక్రాస్‌తో ఫ్రీ సీటు" అనే మాట బాగా తిరుగుతోంది. మొన్నటిదాకా డివిజన్ 1 మహిళల జట్టు మొత్తానికి 12 పూర్తి స్కాలర్‌షిప్‌ల పరిమితి ఉండేది, వాటినే ముప్పైమందికి ముక్కలు చేసి పంచేవారు. ఒప్పందంలో చేరిన కాలేజీలకు ఇప్పుడా పరిమితి పోయింది. పరిమితి పోయినంత మాత్రాన కాలేజీ ఖజానా నిండదు కదా. హార్వర్డ్, యేల్ లాంటివి ఉన్న ఐవీ లీగ్‌లో ఆటకు స్కాలర్‌షిప్ అసలు ఉండదు. మూడో మెట్టైన డివిజన్ 3లోనూ ఉండదు. మహిళల లాక్రాస్ జట్లు అన్నిటికన్నా ఎక్కువ ఉన్నది మాత్రం ఆ డివిజన్ 3లోనే. అక్కడ డబ్బు వచ్చేది చదువును, కుటుంబ ఆదాయాన్ని బట్టి. క్యాంపులకు పోసే డబ్బులో సగం మంచి గణితం ట్యూషన్‌కు పెడితే ఫీజు తగ్గే అవకాశం ఎక్కువ అని నా గట్టి అభిప్రాయం. మా అమ్మాయి ఒప్పుకోదు.

వర్జీనియాలో ఒక కాలేజీ రాత్రి బస క్యాంపు గురించి రెండు ముక్కలు చాలు. హాస్టల్లో ఏసీ లేదు. "ఫ్యాను తెచ్చుకోండి" అన్న మాట ముందు రోజు సాయంత్రం ఈమెయిల్లో వచ్చింది. శాకాహారమంటే చీజ్ పిజ్జా, మళ్లీ చీజ్ పిజ్జా. సహాయ కోచ్‌లంతా వేరే కాలేజీల నుంచి వచ్చినవాళ్లు కావడం ఒక్కటే లాభం. ఒక్క చోట నలుగురైదుగురు కోచ్‌లు చూశారు.

నాకు నచ్చిన ప్రయాణం దక్షిణ పెన్సిల్వేనియా. గెటిస్‌బర్గ్ కాలేజీ, కార్లైల్‌లో డికిన్సన్, లాంకాస్టర్‌లో ఫ్రాంక్లిన్ అండ్ మార్షల్, మూడూ డివిజన్ 3, మూడింటికీ మహిళల లాక్రాస్ ఉంది. మూడూ ఒకే చుట్టులో తిరిగి రావచ్చు. గెటిస్‌బర్గ్ మహిళల జట్టు 2011, 2017, 2018లలో జాతీయ టైటిల్ గెలిచింది, కాబట్టి డివిజన్ 3 అంటే చిన్నచూపు చూసేవాళ్లు ఒకసారి వాళ్ల సాధన చూడాలి. మేము గెటిస్‌బర్గ్‌లో బస పెట్టుకున్నాం. ఊరి చుట్టూ అంతర్యుద్ధ మైదానం, సాయంత్రం లిటిల్ రౌండ్ టాప్ మీదికి ఎక్కితే కింద పొలాలన్నీ కనిపిస్తాయి. యుద్ధభూమి చూసేందుకు ప్రవేశ రుసుం లేదు, మ్యూజియానికి మాత్రం టికెట్ ఉంది. శాకాహారులు లాంకాస్టర్ వెళ్లే రోజును మంగళ, శుక్ర, శనివారాల్లో పెట్టుకోవాలి. ఊరి నడిబొడ్డున ఉన్న పాత సెంట్రల్ మార్కెట్ ఆ రోజుల్లోనే తెరుస్తారు. అక్కడి రొట్టె, జున్ను, మొక్కజొన్న, పీచ్ పళ్లతో పూట గడిచిపోతుంది. వర్జీనియా పిజ్జా తర్వాత అది పండగే.

డివిజన్ 3 కోచ్‌లకు సెప్టెంబరు 1 గోల లేదు, ముందే మాట్లాడవచ్చు. ఆ మూడింటిలో ఒక చోట కోచ్ క్యాంపు ముగిశాక మా అమ్మాయిని కూర్చోబెట్టి పది నిమిషాలు మాట్లాడింది. నేను దూరంగా చెట్టు కింద ఉన్నాను, నన్ను పిలవలేదు, పిలవనందుకు ఆ కోచ్ మీద గౌరవం పెరిగింది. "నేను మీ జాబితాలో ఎక్కడున్నాను?" అని మా అమ్మాయి సూటిగా అడిగిందట. "మిడ్‌ఫీల్డ్‌లో ఇద్దరిని తీసుకుంటాం. నీకు ముందు నలుగురున్నారు. ఎడమచేతి ఆట బాగుపడాలి. పదకొండో తరగతి మార్కులు పంపు, అడ్మిషన్ వాళ్లకు ముందుగా చూపిస్తాను" అని జవాబు. ఆ వేసవి మొత్తంలో మాకు దొరికిన ఒకే ఒక్క నిజమైన సమాచారం అది. దానికి క్యాంపు ఫీజు నూట యాభై డాలర్లు.

ఈ మధ్యలో ఒక రిక్రూటింగ్ సేవల సంస్థ నుంచి ఫోను వచ్చింది. వేల డాలర్ల ప్యాకేజీ, ఈ రోజే చేరితే తగ్గింపు. కోచ్‌ల ఈమెయిళ్లు కాలేజీ వెబ్‌సైట్లలో ఉచితంగా ఉన్నాయి, వీడియో ముక్కలు కత్తిరించడం పదహారేళ్ల పిల్లకు అరపూట పని. ఇంకేం అమ్ముతారో చెప్పమంటే "మీకు పిల్ల భవిష్యత్తు ముఖ్యమా కాదా" అన్నాడు. ఫోను పెట్టేశాను.

సెప్టెంబరు 1 అర్ధరాత్రి దాటగానే మా అమ్మాయి క్లబ్ జట్టులో ఇద్దరికి డివిజన్ 1 కోచ్‌ల నుంచి ఫోన్లు వచ్చాయి. ఆ ఇద్దరినీ కోచ్‌లు గత రెండేళ్లుగా క్లబ్ ఆటల్లో చూస్తూనే ఉన్నారని మా అందరికీ తెలుసు. మా అమ్మాయికి రాలేదు. పొద్దున లేచి స్టిక్కు తీసుకుని గోడ దగ్గరికి వెళ్లింది, ఎడమచేత్తోనే కొట్టింది.

పెన్సిల్వేనియా కోచ్ శరదృతువులో ఒక శనివారం వచ్చి సాధన చూడమంది. క్యాంపు కాదు, ఫీజు లేదు. గెటిస్‌బర్గ్‌లోనే బస అనుకుంటే నవంబరు 19 చుట్టుపక్కల వారాంతాలు తప్పించండి. లింకన్ ఇక్కడ చేసిన ప్రసంగం వార్షికోత్సవానికి ఊరంతా నిండిపోతుంది, గదులు దొరకవు, దొరికినా ధర చుక్కలు చూపిస్తుంది. మేము అక్టోబరులో ఒక వారాంతానికి గది తీసుకున్నాం, ఈసారి ముందే ఫోను చేసి ఫ్రిజ్ పనిచేస్తుందో లేదో కనుక్కున్నాను.