“ఎప్పుడైనా వెళ్లొచ్చు” అంటే నమ్మి సంతకం పెట్టకండి

ఒళ్లు మండి రాస్తున్నా, వరస లేకపోతే ఏమనుకోకండి. మానసిక ఆసుపత్రుల బ్రోషర్లు మీరూ చూసే ఉంటారు: పచ్చిక, కిటికీలోంచి ఎండ, చేతిలో చెయ్యి. లోపల మొదట జరిగేది సోదా. బెల్టు, షూ లేసులు, పైజామా నాడా, ఛార్జర్ వైరు, రేజరు అన్నీ సంచిలోకి. చాలా వార్డుల్లో ఫోనూ అంతే. ప్రాణానికి హాని చేసుకోకుండా తీసుకునే జాగ్రత్త, తప్పు పట్టను. రాత్రి 15 నిమిషాలకోసారి టార్చి వేసి ఊపిరి ఆడుతోందా అని చూడటమూ అందుకే. నిద్రపడితే చాలని చేరినవాడికి మాత్రం భలే వైద్యం!

అసలు మోసం ఆ కాగితం దగ్గర. “మీ ఇష్టంతోనే చేరుతున్నారు, ఎప్పుడైనా వెళ్లొచ్చు” అని నవ్వుతూ పెన్ను చేతికిస్తారు. మూడు రాత్రులుగా కంటికి కునుకు లేని మనిషి ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతాడు. తర్వాత తలుపు దగ్గరికెళ్లి “ఇక వెళ్తానండీ” అంటే, తలెత్తకుండానే జవాబు: “డాక్టరుగారు రావాలి.” ఎప్పుడొస్తారు? “రౌండ్స్‌కి.” తాళం వాళ్ల నడుముకి. ఇష్టంతో చేరినవాళ్లనైనా ప్రాణానికి ముప్పు అనిపిస్తే కొంతకాలం ఆపి, బలవంతపు చేరికగా మార్చే వీలు చాలా దేశాల చట్టాల్లో ఉంది. ఉండాలి కూడా. ఆ ముక్క ముందే నోటితో చెప్పడానికి వాళ్లకేం రోగం? మనకైనా బుద్ధి ఉండొద్దూ! సిమ్ కార్డు కొనేటప్పుడు అడిగినన్ని ప్రశ్నలైనా అడగం.

మందుల సంగతి ఇంకో తలనొప్పి. తెచ్చినవి బీరువాలోకి పోతాయి, జాబితా సగమే ఎక్కుతుంది, ఎక్కనివి ఆగిపోతాయి. క్లోజపిన్ (స్కిజోఫ్రీనియా లాంటి తీవ్ర మానసిక జబ్బులకిచ్చే మందు) 48 గంటలకు మించి ఆగితే పాత డోసు ఒక్కసారిగా వెయ్యకూడదు. 12.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మళ్లీ మెల్లగా పెంచాలి, లేదంటే బీపీ పడిపోవచ్చు, ఫిట్స్ రావచ్చు. ఆందోళన తగ్గడానికి రోజూ వేసుకునే క్లోనజెపామ్ ఠక్కున ఆపినా ఫిట్స్ భయమే. ఉద్రేకం తగ్గించడానికిచ్చే హాలోపెరిడాల్ ఇంజెక్షన్ తర్వాత మెడ ఓ పక్కకి లాక్కుపోతే జబ్బు ముదిరినట్టు కాదు, మందు వికటించినట్టు. విరుగుడు ఉంది, గట్టిగా అడగండి.

చేరొద్దనట్లేదు. ప్రాణం మీదికొస్తే ఇవన్నీ పక్కనపెట్టి వెళ్లండి. కాకపోతే సంతకానికి ముందు “వెళ్తానంటే ఎంతసేపు ఆపగలరు?” అని తోడొచ్చినవాళ్లయినా అడగాలి. మందుల పేర్లు, డోసు, చివరిసారి వేసుకున్న వేళ రెండు కాగితాల మీద రాసి, ఒకటి వాళ్లకిచ్చి ఒకటి దగ్గరుంచుకోండి. డిశ్చార్జి అయ్యాక మొదటి వారాలే మహా ప్రమాదం, వారంలోపు అపాయింట్‌మెంట్ తేదీ చేతికి రానిదే గేటు దాటకండి. అయినవాళ్ల నంబర్లు కూడా కాగితం మీదే రాసుకోండి, ఫోను వాళ్ల సంచిలో ఉంటుంది.