ఉప్పుగాలిలో ఆరేళ్లు: పడవలో వాడుతున్న మల్టీమీటర్

చిన్న పడవలో కరెంటు లోపాలు వెతకడానికి ఈ డిజిటల్ మల్టీమీటర్ కొని ఆరేళ్లయింది. దీని విలువ నాకు తెలిసింది మాత్రం పడవ అడుగున చేరే నీటిని తోడే పంపు ఆగిపోయిన రోజున.

ఫ్యూజు బాగానే ఉంది. పంపు వైర్లు విప్పి కొలిస్తే 12.5 వోల్టులు వచ్చాయి. ఇక పంపే పాడైందని తేల్చేసుకున్నాను. ఎందుకో అనుమానం వచ్చి వైర్లు తిరిగి కలిపి, స్విచ్చి వేసి, అదే చోట కొలిచాను. 7 వోల్టులే! మీటరు నల్ల మొనను బ్యాటరీ నెగెటివ్ మీద, ఎర్ర మొనను పంపు నెగెటివ్ వైరు మీద పెడితే 5 వోల్టులకు పైగా చూపింది. వైరు బాగుంటే అక్కడ సున్నాకు దగ్గరగా రావాలి. ఒక్కో అతుకూ దాటుతూ బ్యాటరీ వైపు జరిగాను. ఒకచోట అంకె ఒక్కసారిగా పడిపోయింది. టేపు విప్పితే రాగి పోగులు పచ్చటి చిలుము పట్టి పొడిగా రాలాయి. నాలుగైదు పోగులే మిగిలాయి.

మీటరు తీసుకునే కరెంటు అతి స్వల్పం కాబట్టి ఆ నాలుగు పోగులూ దానికి సరిపోతాయి. పంపుకు ఆంపియర్లు కావాలి. అందుకే లోడు లేకుండా, అంటే కరెంటు వాడుకునే పరికరమేదీ కలపకుండా, కొలిచిన వోల్టేజీని నేను నమ్మను. వైరు తెగలేదని చెప్పే మీటరు బీప్ శబ్దాన్ని అసలే నమ్మను, ఒక్క పోగు ఆనినా అది మోగుతుంది. లోడుగా పెట్టి కొలవడానికి మీటరు పక్కనే 12 వోల్టుల బల్బుకు రెండు వైర్లు కట్టి ఉంచుకుంటాను.

బ్యాటరీ సంగతి తేల్చడానికి ఈ మీటరు చాలు. కొన్ని గంటలు వాడకుండా, చార్జ్ చేయకుండా ఉంచిన లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 చూపితే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగం ఖాళీ. ఇంజిను నడుస్తున్నా 13 దాటకపోతే చార్జింగ్ వైపు చూడాలి.

మీటరుకు లోపాలూ ఉన్నాయి. దాని వైర్లు బాగా పొట్టి. బ్యాటరీ దాకా అందడానికి క్లిప్పులతో పొడవాటి వైరు నేనే చేసుకున్నాను. తెరకు వెలుగు లేదు, పడవ అడుగున చీకటిలో ఇది నిజంగా ఇబ్బంది. ఒకసారి ఎర్ర మొన 10 ఆంపియర్ల రంధ్రంలో ఉందని గమనించక బ్యాటరీ వోల్టేజీ కొలవబోతే లోపలి ఫ్యూజు పోయింది. అది ఉండబట్టే మీటరు బతికింది. అదే రేటింగుది వేశాను.

పంపు వైరులోని ఆ చిలుము పట్టిన అతుకును మెరిసే రాగి వచ్చేదాకా కత్తిరించి, తగరం పూత వైరుతో మళ్లీ కలిపి, లోపల జిగురున్న, వేడి చేస్తే బిగుసుకునే ష్రింకు గొట్టం తొడిగాను. ఇప్పుడు పంపు నడుస్తుండగా దాని దగ్గర 12.1 వస్తోంది.