స్టీవెన్సా, సమ్నరా: ఇద్దరిలో ఎవరు మేలు?

అమెరికా కాంగ్రెస్‌లో బానిసత్వం మీద గట్టిగా కొట్లాడినవాళ్ళ గురించి మాట్లాడితే ఈ రెండు పేర్లూ జంటగానే వస్తాయి, కింది సభ హౌస్‌లో పెన్సిల్వేనియా థాడియస్ స్టీవెన్స్, పై సభ సెనేట్‌లో మసాచుసెట్స్ చార్లెస్ సమ్నర్. పార్టీ ఒకటే, రిపబ్లికన్, పట్టుదల కూడా ఒకటే, కానీ పని చేసే తీరే వేరు. నా ఓటు స్టీవెన్స్‌కి.

సమ్నర్ తక్కువోడేం కాదు. హార్వర్డ్ చదువు, యూరప్ అంతా తిరిగొచ్చాడు, 1849లోనే బోస్టన్‌లో నల్లజాతి పిల్లలకి వేరే స్కూళ్ళేంటని కోర్టుకెక్కాడు, కేసు ఓడిపోయాడు గానీ 1855లో ఆ రాష్ట్రమే చట్టం చేసి వాటిని ఎత్తేసింది. 1856 మేలో కాన్సాస్‌లో బానిసత్వం ఉండాలా వద్దా అన్న గొడవ మీద రెండు రోజులు మాట్లాడి సౌత్ కరోలినా సెనేటర్ బట్లర్‌ని ఏకిపారేస్తే, బట్లర్ బంధువు ప్రెస్టన్ బ్రూక్స్ సెనేట్ హాల్లోకే వచ్చి చేతికర్రతో తల పగలగొట్టాడు. మళ్ళీ పూర్తిగా పనిలోకి రావడానికి మూడేళ్ళు పట్టింది, మసాచుసెట్స్ వాళ్ళు మాత్రం ఆ ఖాళీ కుర్చీకి ఆయన్నే మళ్ళీ ఎన్నుకున్నారు!

స్టీవెన్స్ వెర్మాంట్‌లో పేదింట్లో పుట్టాడు, పుట్టుకతోనే ఒక పాదం వంకర, తండ్రి ఇల్లొదిలి పోతే తల్లే కష్టపడి చదివించింది. అందుకేనేమో 1835లో పెన్సిల్వేనియాలో ఫ్రీ స్కూళ్ళ చట్టం రద్దు చేద్దామని చూసినప్పుడు అడ్డంపడి కాపాడాడు. నోరు మాత్రం మహా పదును.

అసలు తేడా 1866లో బయటపడింది. నల్లవాళ్ళకి ఓటు ఇవ్వని రాష్ట్రాలకి హౌస్‌లో సీట్లు కోసేద్దామని స్టీవెన్స్ ఒక రాజ్యాంగ సవరణని హౌస్‌లో పాస్ చేయించాడు, సమ్నరేమో ఇది ఓటు నిరాకరించే హక్కుని ఒప్పుకున్నట్టే కదా అని సెనేట్‌లో ఎదురుతిరిగాడు, అది కాస్తా పడిపోయింది. సొంతవాళ్ళే చంపేశారని స్టీవెన్స్ మండిపడ్డాడు. జూన్‌లో పౌరసత్వం, చట్టం ముందు సమానత్వం ఇచ్చే పద్నాలుగో సవరణ వచ్చినప్పుడు ఆయనకీ అది సగం సగంగానే అనిపించింది, అయినా నేను బతికేది మనుషుల మధ్య, దేవదూతల మధ్య కాదు అని చెప్పి హౌస్‌లో నెగ్గించాడు. మనవాళ్ళ పిల్లలు అక్కడ పుడితే సిటిజన్‌షిప్ వస్తోందంటే ఆ సవరణ వల్లే, ఆ వాక్యం చేర్చింది సెనేట్‌లోనే అయినా.

రాజీపడే మనిషని మాత్రం అనుకోకండి, చివరికి నల్లవాళ్ళని రానివ్వని శ్మశానాలు వద్దని వాళ్ళకీ చోటున్న దాన్నే ఏరుకున్నాడు. ఓటములూ ఉన్నాయి, పెద్ద పెద్ద ఎస్టేట్లు లాక్కుని విడుదలైన బానిసలకి 40 ఎకరాల చొప్పున పంచుదామంటే సొంత పార్టీయే వినలేదు, 1868లో ప్రెసిడెంట్ జాన్సన్‌ని దించే ప్రయత్నం సెనేట్‌లో ఒక్క ఓటుతో పోయింది, ఆ ఆగస్టులోనే చనిపోయాడు.

ఒక్క చోట మాత్రం సమ్నర్‌కే మార్కులు వేస్తా. 1870లో ఆయన పెట్టిన బిల్లు ప్రకారం హోటళ్ళలో, రైళ్ళలో, థియేటర్లలో రంగు చూడకూడదు. ఆయన 1874లో పోయాక, 1875లో చట్టమైంది, 1883లో సుప్రీంకోర్టు కొట్టేసింది, 1964 దాకా అలాంటిది మళ్ళీ రాలేదు.