ఆన్‌లైన్ ఫ్రెంచ్ కోర్సు రివ్యూ: 171 రోజులు ఒక్కరోజూ తప్పని స్ట్రీక్ ఉంది, నోట్లోంచి మాట రాదు

ముందే చెప్పేస్తా, ఇది చెత్త కోర్సు కాదు. అలాగని యాడ్‌లో ఊదరగొట్టినట్టు "వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం నాలుగూ సమానంగా" నేర్పేదీ కాదు. ఆరు నెలల ప్యాకేజీ, యాప్‌లో రోజూ పాఠాలు, తొమ్మిదో వారం నుంచి వారానికో లైవ్ క్లాస్, చివర్లో ఏ2 (ఆరు మెట్లలో రెండోది) సర్టిఫికెట్. కోర్సు పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇలాంటివి ఇంకో పది ఉన్నాయి, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి, మీరు కొనబోయేది వేరేదైనా ఇవే చూసుకోండి.

మొదటి ఎనిమిది వారాలు నాకంటే తెలివైనవాళ్లు లేరనుకున్నా. రోజూ పచ్చ టిక్కులే, పదికి తొమ్మిది, పదికి పది. తొమ్మిదో వారం మొదటి లైవ్ క్లాసులో టీచర్ చాలా నెమ్మదిగా, నవ్వుతూ, "ఆదివారం ఏం చేశారు" అని అడిగారు. ప్రశ్నలో ప్రతి మాటా అర్థమైంది. చెప్పాల్సిన మాటలు కూడా తెలుసు, సినిమా, స్నేహితులు, ఇల్లు, వెళ్లడం, అన్నీ యాప్‌లో వందసార్లు నొక్కినవే. ఒక్కటీ బయటికి రాలేదు. స్క్రీన్ మీద నలుగురు నా మొహం చూస్తున్నారు, నేను "అ... జ... అ..." దగ్గరే ఆగిపోయా. ఆ టెన్షన్ పడినవాళ్లకే తెలుస్తుంది.

తర్వాత యాప్ తెరిచి అసలు ఇన్ని వారాలు "మాట్లాడడం" పేరుతో ఏం చేయించారా అని వెనక్కి వెళ్లి చూశా. సగం అభ్యాసాలు పదాల ముక్కలు ఇచ్చి వరసగా పేర్చమనేవి. మిగతా సగం వాళ్లు చెప్పిన వాక్యాన్ని మైక్‌లో తిరిగి చెప్పమనేవి, నేను ఓసారి కావాలని నోట్లో గొణిగినా పచ్చ టిక్ ఇచ్చింది. కళ్ల ముందున్న మాటను గుర్తుపట్టడం ఒక పని, ఏమీ లేని చోట నుంచి మాటను తవ్వి తీయడం వేరే పని. టీచర్ ట్రైనింగ్ చేసినవాళ్లయితే మొదటిదాన్ని గ్రహణ నైపుణ్యం, రెండోదాన్ని ఉత్పాదక నైపుణ్యం అంటారు. వినడం, చదవడం ఒక జట్టు, మాట్లాడడం, రాయడం ఇంకో జట్టు. ఈ యాప్ రెండో జట్టును కూడా మొదటి జట్టు ఆటే ఆడించింది.

వీళ్ల హెల్ప్ పేజీలో "కంగారు పడకండి, బాగా వింటే మాటలు వాటంతటవే వస్తాయి" అని ఉంది. ఇది గాల్లోంచి వచ్చిన మాట కాదు. అర్థమయ్యే స్థాయిలో, మనకున్నదానికి ఓ మెట్టు పైన ఉన్న భాష దండిగా వింటే, చదివితే భాష వస్తుందని భాష నేర్చుకోవడం మీద పరిశోధించిన స్టీఫెన్ క్రాషెన్ 1980ల్లో గట్టిగా వాదించారు. అందులో నిజం చాలా ఉంది, వినకుండా ఎవరికీ భాష రాదు. కానీ 1985లో మెరిల్ స్వెయిన్ అనే ఇంకో పరిశోధకురాలు కెనడాలో ఫ్రెంచ్ మీడియంలో చదివే ఇంగ్లీషు ఇళ్ల పిల్లల గురించి రాసింది కూడా వీళ్లు చదివుంటే బాగుండేది. ఏళ్ల తరబడి పాఠాలన్నీ ఫ్రెంచ్‌లోనే విన్న పిల్లలు, వాళ్లకు బాగా అర్థమయ్యేది, కానీ మాట్లాడినా రాసినా వ్యాకరణంలో తప్పులు వదిలేవి కావు. ఆవిడ చెప్పిన కారణం నాకు అచ్చంగా సరిపోయింది: వినేటప్పుడు నాలుగు ముఖ్యమైన మాటలు పట్టుకుంటే విషయం తెలిసిపోతుంది, మధ్యలో సహాయక క్రియ (హెల్పింగ్ వెర్బ్) ఏది వాడారో ఎవరు చూస్తారు? నోరు తెరిచినప్పుడే అది తప్పించుకోలేం.

సరే, వినడమైనా బాగా నేర్పారా అంటే, అదీ లేదు. నా పెద్ద గొడవ ఇక్కడే. ఆడియో ఒకసారి వస్తుంది, కింద ప్రశ్న, నాలుగు ఆప్షన్లు. ఒక పాఠంలో ఇద్దరు స్నేహితులు ఎప్పుడు కలుద్దామా అని మాట్లాడుకుంటారు. నాకు వినపడిందల్లా "సామ్‌ది", అంటే శనివారం. ఆప్షన్లలో శనివారం ఉంది, నొక్కా, టిక్. వాళ్లు ఎందుకు కలుస్తున్నారో, ముందు అనుకున్న రోజు ఎందుకు కుదర్లేదో నాకు ఈ రోజుకీ తెలీదు. ఇది పరీక్ష పెట్టడం, నేర్పడం కాదు. నేర్పాలంటే ముందు ఎవరు, ఎక్కడ, దేని గురించి అని కాస్త ఊహించనివ్వాలి, మొదటిసారి మొత్తం విషయం కోసం, రెండోసారి వివరాల కోసం వినిపించాలి, ఆ తర్వాత ట్రాన్స్‌క్రిప్ట్, అంటే ఆడియోలో అన్న మాటలన్నీ రాతలో ఇచ్చి, నా చెవి ఎక్కడ తప్పిందో చూపించాలి. ట్రాన్స్‌క్రిప్ట్ అన్నదే లేదు!

అది ఎందుకంత అవసరమంటే, ఫ్రెంచ్ రాసేది ఒకటి, పలికేది ఇంకొకటి. "నాకు తెలీదు" అనడానికి పుస్తకంలో "జ న సే పా" అని నాలుగు ముక్కలు. మనుషులు మామూలుగా మాట్లాడుకునేటప్పుడు అది "షే పా" అయిపోతుంది. "తు ఆ" కాస్తా "తా", "ఇల్ యా" కాస్తా "యా". నేను ఈ "షే పా"ని ఏదో కొత్త మాటనుకుని రెండు నెలలు తిరిగా. మనం మాత్రం "వెళ్లిపోయాడు అంట" అని విడదీసి పలుకుతామా, "వెళ్లిపోయాడంట" అని ఒక్క ఊపులో అనేస్తాం కదా. దీన్ని ఒక్క అరగంట కూర్చోబెట్టి చెప్పుంటే చాలు.

చదివే పాఠాలు ఫర్వాలేదు. చిన్నవి, శీర్షిక చూపించి ముందు ఊహించమంటారు, తొందరగా ఓసారి, నెమ్మదిగా ఓసారి చదివిస్తారు. ఏ పదం మీద వేలు పెట్టినా అర్థం రావడం మాత్రం నాకు జబ్బులా పట్టుకుంది, ఆ సెట్టింగ్ ఆపేయండి.

రాయడంలో కంప్యూటరే దిద్దుతుంది. ఎనభై మాటలు రాస్తే సెకనులో అంతా ఎర్రగీతలు, పక్కనే సరైన వాక్యం, "అంగీకరించు" బటన్. నేను నొక్కేవాడిని. "నేను సినిమాకి వెళ్లాను" అనడానికి "జే ఆలే" అని రాశా, అది తప్పు, వెళ్లడం లాంటి కొన్ని క్రియలకు సహాయక క్రియ మారి "జ సుయి ఆలే" అవుతుంది. దిద్దింది, నొక్కా. మరుసటి వారం మళ్లీ "జే ఆలే". ఐదు వారాలు అదే తప్పు, అదే ఎర్రగీత, అదే బటన్.

ఇక లైవ్ క్లాసులు. నా దృష్టిలో కట్టిన డబ్బంతా వీటికే. మొదట ఉన్న టీచర్ మంచివారే, కానీ నేను "జే ఆలే ఒ సినెమా" అంటే, "ఆ, వూజెత్ ఆలే ఒ సినెమా!" (మీరు సినిమాకి వెళ్లారన్నమాట) అని సరిచేసిన రూపంలో తిరిగి అనేవారు. నేను దాన్ని మెచ్చుకోలు అనుకుని "వీ, వీ" (అవును, అవును) అని ముందుకెళ్లిపోయేవాణ్ణి. లిస్టర్, రాంటా అనే ఇద్దరు పరిశోధకులు 1997లో పైన చెప్పిన కెనడా ఫ్రెంచ్ మీడియం లాంటి తరగతుల్నే పరిశీలించి, టీచర్లు అన్నిటికంటే ఎక్కువగా వాడేది ఈ పద్ధతేనని, పిల్లలు తమ తప్పు తాము దిద్దుకోవడం మాత్రం దీనితో చాలా తక్కువని రాశారు. నేనే సాక్ష్యం.

పద్నాలుగో వారంలో టీచర్ మారారు. ఈవిడ నా "జే ఆలే" వినగానే కనుబొమ్మలు పైకెత్తి "జ...?" అని ఆగిపోయారు. అంతే. ఐదు సెకన్లో, పది సెకన్లో, నాకైతే గంటలా అనిపించింది. "జ... సుయి ఆలే" అన్నా. ఆ రోజు నుంచి ఆ తప్పు మళ్లీ రాలేదంటే అబద్ధం, వస్తుంది, కానీ వచ్చిన వెంటనే నాకే తెలుస్తోంది.

ఈవిడే ఇంకో ఆట పెట్టారు. ఒకే విషయం, మొదట ఒకరికి నాలుగు నిమిషాలు చెప్పాలి, తర్వాత ఇంకొకరికి మూడు నిమిషాల్లో, ఆ తర్వాత మూడో మనిషికి రెండు నిమిషాల్లో. దీన్ని 4/3/2 అంటారు, పాత పద్ధతే. వినే మనిషి మారతాడు కాబట్టి చెప్పిందే చెబుతున్నామన్న విసుగు ఉండదు, కొత్త మాటలు వెతుక్కునే పని లేదు కాబట్టి నాలుక వేగం అందుకుంటుంది. నా మొదటి నాలుగు నిమిషాల్లో రెండు నిమిషాలు "అ..." లే. మూడోసారి ఊపిరి తీసుకోవడానికే టైం చాలలేదు! వచ్చిన మాటల్నే వేగంగా, తడబడకుండా వాడించే ఈ పని యాప్‌లో ఎక్కడా లేదు, రోజూ కొత్త పదాలు పోస్తూనే ఉంటుంది.

చివర్లో సర్టిఫికెట్ వచ్చింది, "మీ స్థాయి ఏ2" అని ఒకే ఒక్క ముక్క. యూరప్ కౌన్సిల్ 2001లో ఇచ్చిన ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్ల పట్టికలో వినడానికి, చదవడానికి, సంభాషణకి, మాట్లాడడానికి, రాయడానికి విడివిడిగా గళ్లు ఉంటాయి. నేను చదవడంలో ఏ2 అంటే ఒప్పుకుంటా. మాట్లాడడంలో ఏ1 గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతున్నా.

5కి 3 స్టార్లు, అందులో రెండు ఆ రెండో టీచర్‌వి. కొనేవాళ్లు లైవ్ క్లాసులు విడిగా అమ్ముతున్నారేమో అడగండి, అవి మొదటి వారం నుంచే ఇవ్వమనండి, వినడానికి ట్రాన్స్‌క్రిప్ట్ ఉన్న ఆడియోలు బయట వెతుక్కోండి.

ట్రాన్స్‌క్రిప్ట్‌లు పెట్టమని వాళ్లకు మెయిల్ కూడా రాశా. జవాబు ఫ్రెంచ్‌లోనే వచ్చింది, "మీ సూచనకు ధన్యవాదాలు, పరిశీలిస్తాం" అని, డిక్షనరీ ముట్టుకోకుండా చదివేశా. ఘాటుగా ఫ్రెంచ్‌లోనే తిరిగి ఇద్దామని కూర్చుంటే గంటలో మూడు వాక్యాలు అయ్యాయి, అందులో ఒకటి మళ్లీ "జే ఆలే".