శక్తిమాన్ మళ్ళీ చూసిన, ఈసారి మా పిలగానితోని

నెల రోజులైంది, యూట్యూబ్‌ల శక్తిమాన్ మొదటి ఎపిసోడ్ నుంచి చూస్తున్న, పక్కన ఆరేండ్ల మా పిలగాడు. చూడాల్నా వద్దా అనుకునేటోళ్ళకు చెప్తున్న, చూడుర్రి, కాని అన్ని ఎపిసోడ్లు చూడకుర్రి.

ఇది హిందీ సూపర్ హీరో సీరియల్, 1997 సెప్టెంబర్ల దూరదర్శన్‌ల మొదలైంది, 2005 దాక నడిచింది. మాది పరకాల దగ్గర ఊరు. ఆదివారం పగటీలి 12 గంటలకు వచ్చేది, కరెంటు గప్పుడే పోయేది, అందుకని మా పెదనాయిన ట్రాక్టర్ బ్యాటరీ ఇప్పుకచ్చి పోర్టబుల్ టీవీకి పెడ్తుండె. మా అన్న మిద్దెక్కి ఆంటెన్నా తిప్పుకుంట "వచ్చిందా?" అని ఒర్రేటోడు, కింద ఇరవై మంది పోరగాండ్లం "ఇంకొంచెం, ఇంకొంచెం, ఆగు ఆగు!" అని ఒక్కటే లొల్లి. బ్యాటరీ దిగుతుంటే బొమ్మ నాలుగు దిక్కుల నుంచి ముడుసుకుపోయి అరచెయ్యంత అయ్యేది, అయినా ఎవ్వడు లేవకపోతుండె. బ్లాక్ అండ్ వైట్ టీవీ కదా, శక్తిమాన్ బట్టలు ఎర్రగుంటయని నాకు స్టిక్కర్ కొనుక్కున్నంకనే తెల్సింది.

ఇప్పుడు చూస్తే ఫైటింగులు, గ్రాఫిక్స్ ఆనలె. గిర్రున తిరుగుడు ఒక్కటే మావోనికి నచ్చింది, నడింట్ల తిరిగి తిరిగి పడ్తున్నడు, పట్టుకోవాల్సొస్తుంది. మధ్యల కథ మస్తు సాగదీసిన్రు, ఒక్క రోజుల అయిపోయే ముచ్చట మూడు నాలుగు ఎపిసోడ్లు లాగుతరు, అవి నేను జరిపేస్తున్న.

కాని గంగాధర్, అదే శక్తిమాన్ మామూలు మనిషి లెక్క తిరిగే వేషం! చిన్నప్పుడు వీడెప్పుడు పోతడు శక్తిమాన్ ఎప్పుడొస్తడు అని చూస్తుంటిమి, ఇప్పుడు గంగాధర్ కోసమే చూస్తున్న. ఎత్తు పండ్లు, కండ్లద్దాలు, పేపర్ ఆఫీసుల ఫొటోగ్రాఫర్ కొలువు, ఎవలు తిట్టినా నవ్వుకుంట పడ్తడు. ముఖేష్ ఖన్నా రెండు వేషాలకు నడక, గొంతు, మెడ పెట్టే తీరు అన్నీ మార్చిండు, ఒక్కడే అంటే మావోడు ఇప్పటికీ నమ్మడు. పండిట్ గంగాధర్ విద్యాధర్ మాయాధర్ ఓంకార్‌నాథ్ శాస్త్రి అని పేరు మొత్తం ఊపిరి తీసుకోకుండ చెప్తున్నడు, పాలాయనకు కూడా చెప్పిండు. ఇంకోటి ఇప్పుడే సమజైంది, మహాభారత్‌ల ముఖేష్ ఖన్నా భీష్ముడు, ఈడ చీకటే రాజ్యమేలాలె అని గర్జించే విలన్ కిల్విష్ సురేంద్ర పాల్, ఆయన అండ్ల ద్రోణుడు. గొంతులు ఊరికే అట్ల లేవు మరి.

ఆఖర్ల పిల్లల తప్పులు చూపెట్టి సరిజేసే ముక్క ఉంటది కదా, సారీ శక్తిమాన్, దాన్ని మాత్రం జరపకుర్రి. మావోడు మొన్న బడి డబ్బల అన్నం గోడవతల పారబోసి తిన్ననని చెప్పిండు. రాత్రి టీవీ బంద్ చేసినంక ఆ నల్ల తెర ముంగట నిలబడి, నేను చూస్తలేననుకొని, మెల్లగ "సారీ శక్తిమాన్" అన్నడు. నేను వంటింట్లనే నిలబడ్డ, ఏమనలె.

హిందీ రాదని భయపడకుర్రి, మేం హిందీ నేర్చుకున్నదే దీంతోని. మొదట ఆయనకు శక్తులొచ్చే కథ మొత్తం వరుసగ చూసి, అటెన్క నచ్చినవి ఏరుకుంటే సరిపోతది. చిన్న పిల్లలుంటే మొబైల్ చేతికియ్యకుండ పెద్ద టీవీల పెట్టి పక్కన కూసోర్రి, మధ్య మధ్యల అడుగుతనే ఉంటరు.

మొన్న ఊరికి పోయినప్పుడు పెదనాయినకు చూపెట్టిన. ఫోన్ కండ్ల దగ్గరికి తీసుకొని శాన సేపు చూసిండు, చూసి, "అరే, వీని బట్టలు ఎర్రగుంటయారా" అన్నడు.